మర్చిపోవాల్సిన ట్యూన్లు

నేను పాటలు రాస్తాను, ట్యూన్ కడతాను, నేనే పాడతాను. ఈ మధ్య సినిమాలు కూడా తీస్తున్నాను. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే ఇండిపెండెంట్ అని చెబుతాను. మా అమ్మ ఒకసారి పక్కింటావిడకి ఆ మాట విడమరిచి చెప్పింది: "ఎవలి కింద పని చెయ్యదు, ఎవలి మాట ఇనదు." అంతకంటే బాగా నేనూ చెప్పలేను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయితే ఆ కోపమంతా పైపైనే, లోపల నేను వట్టి పిరికిదాన్ని. బల్లి మీద పడ్డా, తెలియని నంబరు నుంచి ఫోనొచ్చినా ఒకేలా ఉలిక్కిపడతాను. ఇప్పుడు చెప్పబోయేది నేను అన్నిటికంటే ఎక్కువ భయపడ్డ కొన్ని రోజుల సంగతి.

ముందు ట్రాక్ అంటే ఏమిటో చెప్పాలి. సినిమా పాట పాడటానికి పెద్ద గాయని వచ్చేలోపు, ట్యూన్ ఎలా ఉందో డైరెక్టర్‌కి వినిపించడానికి నాలాంటివాళ్ళతో ఒకసారి పాడించిపెట్టుకుంటారు. దాన్నే ట్రాక్ అంటారు. అప్పటికి అసలు సాహిత్యం కూడా ఉండదు, నోటికొచ్చిన మాటలేవో పెట్టి పాడేయడమే. తర్వాత మన గొంతు తీసేస్తారు. డైరెక్టర్‌కి నచ్చకపోతే ట్యూనే తీసేస్తారు. జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళా సెల్లార్‌లో ఉండేది మా మాస్టారి స్టూడియో. ఆయన సంగీత దర్శకుడు, గోదావరి జిల్లా మనిషి. ఆయన దగ్గర ఆరేళ్ళు ట్రాకులు పాడాను. ఎన్ని పాడానో నాకు తెలియదు. తెలియకూడదు కూడా.

ఎందుకంటే మాస్టారి దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. మొదటి రోజే చెప్పారు: "అమ్మా, ఇక్కడ పాడింది ఇక్కడే వదిలేసి వెళ్ళాలి. గేటు దాటాక కూనిరాగం కూడా తియ్యకూడదు." నాకంటే ముందు పాడిన అమ్మాయి ఒకతె హోటల్లో కూర్చుని కూనిరాగం తీసిందట. పక్క టేబుల్ దగ్గర ఇంకో సంగీత దర్శకుడి మనిషి ఉన్నాడట. నెల తిరక్కుండా ఆ ట్యూన్ వేరే సినిమాలో వచ్చేసిందట. నిజంగా జరిగిందో, మమ్మల్ని బెదిరించడానికి చెప్పేవారో తెలియదు. నేను మాత్రం బెదిరిపోయాను. స్టూడియో నుంచి చెక్‌పోస్టు బస్టాపు దాకా పదమూడో ఎక్కం, పదిహేడో ఎక్కం, పంతొమ్మిదో ఎక్కం గొణుక్కుంటూ నడిచేదాన్ని. దారిన పోయేవాళ్ళు పిచ్చిదనుకున్నా సరే. బస్సు షేక్‌పేట చేరేసరికి ట్యూన్ బుర్రలోంచి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయేది. మర్చిపోవడంలో ఈ పిల్లంత గట్టిది ఇంకొకతె లేదని మాస్టారు నలుగురి ముందూ మెచ్చుకునేవారు. నేను పొంగిపోయేదాన్ని.

మా నాన్న సినిమా యూనిట్లలో లైట్‌మ్యాన్. షేక్‌పేటలో పుట్టి, ఫిల్మ్‌నగర్‌లో లైట్లు మోసి, ఊపిరితిత్తులు పాడై చివరికి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో చేరాడు. పదకొండు రోజులున్నాడు. ఏడో రోజు పొద్దున వార్డు బయట మెట్ల మీద కూర్చుని ఉంటే నాకొక ట్యూన్ వచ్చింది. నేను కట్టలేదు, అదే వచ్చింది. ఏడుపు రావాల్సిన చోట అది వచ్చింది. ఫోన్లో మెల్లగా పాడి దాచుకున్నాను. నాన్న పోయాక దానికి చరణం కట్టి మాటలు రాశాను. అప్పటికే నావి ఓ పాతిక పాటలు బయట ఉన్నాయి, రెండింటిని కాలేజీ పిల్లలు స్టేజీల మీద పాడుతున్నారు కూడా. కానీ ఈ పాట మాత్రం ఎక్కడా పెట్టలేదు. దాని కోసమని ఒక సినిమా తీశాను.

ఫిల్మ్‌నగర్‌లో డాన్సర్ల బట్టలు కుట్టే ఒకావిడ కథ అది. మిషన్ తొక్కుతూ ఆవిడ ఆ పాటే పాడుకుంటూ ఉంటుంది, మొత్తం ఏడు సీన్లలో. డబ్బింగ్ పెట్టుకోకుండా షూటింగ్‌లోనే శబ్దం రికార్డు చేశాం. మిషన్ చప్పుడు, ఆవిడ గొంతు, బయట ఆటో హారను, అన్నీ ఒకే ముద్ద. అందులోంచి ట్యూన్ ఒక్కటీ పీకి ఇంకోటి పెట్టడం ఎవరి వల్లా కాదు. రెండేళ్ళ కష్టం. ఆదివారం పొద్దున ఫిల్మ్‌నగర్‌లోనే ఒక ప్రివ్యూ థియేటర్లో మొదటి షో పెట్టుకున్నాను. పిలిచినవాళ్ళందరికీ పనిగట్టుకుని చెప్పాను, ఈ పాట మా నాన్న కోసం ఆసుపత్రి మెట్ల మీద పుట్టిందని.

ఇంక నాలుగు రోజులే ఉన్నాయనగా, బుధవారం మధ్యాహ్నం, టైటిల్స్ మీద కూడా వచ్చే ఆ పాటకే ఫ్లూట్ రికార్డింగ్ పెట్టుకున్నాం. వాయించేది ఒక పెద్దాయన. షేక్‌పేట పాత ఊళ్ళోనే ఉంటాడు, నేను కాకా అని పిలుస్తాను. ఒక్కసారి వినిపిస్తానన్నాను. ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. పల్లవిలో రెండో లైను అయ్యాక చిన్న ఖాళీ ఉంది. అక్కడేం వాయించాలో నేనింకా చెప్పనేలేదు, ఆయన ఫ్లూట్ ఎత్తి ఒక ముక్క వాయించేశాడు. కుండకి మూత పెట్టినట్టు సరిపోయింది.

"గంత జల్దీ ఎట్ల కట్టినవ్ కాకా?" అన్నాను సంబరంగా.

"కట్టుడేంది బిడ్డా? ఇది నాకెర్కే గదా. ఇంతకు ముందు వాయించిన."

"ఎప్పుడు వాయించినవ్? ఇది నా పాట. ఇంకా బయటికే రాలే."

"అవునా?" కాకా ఫ్లూట్ తుడుచుకున్నాడు. "ఏమో మరి. అప్పుడు గింత మెల్లగ లేకుండె, జర ఉరుకులాడుతుండె. నలభై ఏండ్ల సంది వాయిస్తున్న బిడ్డా, అన్ని పాటలు ఒక్క తీర్గనే అనిపిస్తయి నాకు. నువ్వేం ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యకు అన్నాకే నాకు ఫికర్ పట్టుకుంది. కాకా నన్ను ఏమీ అనలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేనే తడుముకున్నాను. ఎందుకంటే కాకాని నేను మొట్టమొదట చూసింది మాస్టారి సెల్లార్‌లో. ఆ రోజుల్లో ఆయన అక్కడే వాయించేవాడు, నేను అక్కడే పాడేదాన్ని. ఇద్దరం కలిసి పనిచేసింది ఇంకెక్కడా లేదు. రికార్డింగ్ మిగతా గంటా ఎలా గడిచిందో నాకు తెలియదు. బాగుంది కాకా, బాగుంది కాకా అంటూ కూర్చున్నాను.

స్కూటీ మీద ఇంటికొస్తూ షేక్‌పేట ఫ్లైఓవర్ కింద బండి పక్కకి ఆపేశాను. కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. మాస్టారు ఇచ్చిన ట్యూన్లలో ఇలాంటిది ఏదైనా ఉందా? ఒక్కటీ గుర్తు రాలేదు. ఇదనే కాదు, ఆరేళ్ళలో పాడినవాటిలో ఒక్క పల్లవీ గుర్తు రాలేదు. ఎలా వస్తుంది నా మొహం, ఎక్కాలు చదివి చదివి తుడిచిపారేశాను కదా! నేను దొంగతనం చేశానో లేదో చెప్పడానికి నాకు నేనే సాక్షిని. ఆ సాక్షికేమో ఏమీ గుర్తులేదు. నా బుర్రంటే నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు.

ఇంటికెళ్తే అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ ఆ పాటే పాడుకుంటోంది.

"అమ్మా, జర ఆపు," అన్నాను.

"ఎందుకే? మీ నాయన పాట గదా."

"ఆపమంటున్న గదా! ఎప్పుడు చూసినా గదే పాట. ఇంకోటి దొరకదా నీకు?"

అమ్మ చేతిలో కాయ పక్కన పెట్టింది. "ఏమాయెనే నీకు? సినిమా తీస్తున్ననని నెత్తికెక్కిందా? మీ నాయన పోయిననాడు నాకు ఏడుపే రాలే. అందరు ఏమనుకున్నరో ఏమో. నువ్వు గా పాట పాడి ఇనిపిచ్చిననాడు వచ్చింది. గిప్పుడు ఆపమంటే ఎట్ల ఆపుత?" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది. నాకు తిన్నగా వెళ్ళి ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. పడి ఏం చెప్పాలి? ఈ పాట మనది కాదేమోనమ్మా అని చెప్పడానికి ధైర్యం ఏదీ?

మర్నాడు ఎడిటింగ్ రూమ్‌కి వెళ్ళాను. నా సినిమా ఎడిట్ చేసింది నా స్నేహితురాలే. భీమవరం పిల్ల, నోరున్న పిల్ల, నాకున్నంత పిరికితనం దానికి లేదు. మొత్తం విని నెత్తి కొట్టుకుంది.

"ఏంటే నీ గోల? ఉన్నవి ఏడు స్వరాలు. ఎవరిదో ఒకరి ట్యూన్ ఎక్కడో ఒకచోట తగలకుండా ఎలా ఉంటుంది? పైగా అది రిలీజ్ కూడా అయినట్టు లేదు. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తది గదా."

"నీకూ తెలీదుగా తల్లీ! అదేగా ఇప్పుడు నీ ఏడుపు!"

నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను. అప్పుడే కాకా అన్న మాట గుర్తొచ్చింది, అప్పుడు జర ఉరుకులాడుతుండె అని. పాటని రెండింతల వేగానికి మార్చమన్నాను. గొంతు చిన్నపిల్ల గొంతులా కాకుండా శ్రుతి అలాగే ఉంచమన్నాను. అది రెండు మీటలు నొక్కి వినిపించింది. మొదటిసారి నాకేమీ అనిపించలేదు. పెళ్ళి ఊరేగింపులో బ్యాండువాళ్ళు వాయిస్తున్నట్టుంది, అంతే. హమ్మయ్య అనుకున్నాను. రెండోసారి పెట్టమని, దానితోపాటు నేనూ గొంతు కలిపాను.

"ఎందుకు నవ్వావ్?" అంది నా స్నేహితురాలు పాట ఆపి.

"నేనెక్కడ నవ్విన?"

"నవ్వావే. రెండో లైను అయ్యాక. పాటలో ఉన్నట్టే నవ్వావ్."

నేను ఒప్పుకోలేదు. మళ్ళీ పెట్టమన్నాను. రెండో లైను అయిపోయింది, చిన్న ఖాళీ వచ్చింది, నా నోరు నన్నడగకుండా నవ్వింది. సరిగ్గా శ్రుతిలో, కొంటెగా, కిలకిలమని. నా నవ్వు అలా ఉండదు. ఆ నవ్వు నాకు ఒకాయన నేర్పారు. హెడ్‌ఫోన్స్‌లో ఆయన గొంతు వినిపించింది: "అక్కడ నవ్వమ్మా. ఆ పిల్ల వాణ్ణి ఏడిపిస్తోంది. ఊరికే పళ్ళికిలిస్తే కాదు, గొంతులోంచి రావాలి." నాకు రాక పదిసార్లు, పదిహేనుసార్లు పాడించిన సంగతి, సెల్లార్‌లో ఏసీ చల్లదనం, మైకుకి కట్టిన గుడ్డ మాసిన వాసన అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. బుర్రకి ఎక్కాలు చెప్పి మరిపించాను గానీ నోటిని మరిపించలేకపోయాను.

నా స్నేహితురాలి ముఖంలో కూడా రంగు మారింది. మంచినీళ్ళిచ్చింది. కాసేపటికి మెల్లగా, "ఆదివారం దాటేదాకా నోరు మూసుకో. తర్వాత చూద్దాం," అంది.

నాకూ అదే నచ్చింది. నిజం చెప్పాలంటే చాలా నచ్చింది. శుక్రవారం రోజంతా అదే పని చేశాను, నోరు మూసుకుని మంచం మీద పడుకున్నాను. ఫోను మోగితే గుండె ఆగినంత పనయ్యేది. అయినా లాభం లేకపోయింది. ఎందుకంటే ఆదివారం షోకి నేను మొట్టమొదట పిలిచింది మాస్టారినే. "తప్పకుండా వస్తాను తల్లీ, ముందు వరసలో సీటుంచు," అని ఆయన జవాబిచ్చి వారమైంది. ముందు వరసలో కూర్చుని ఆయన తన ట్యూన్ ఏడు సీన్లలో వింటారు. పైన తెర మీద సంగీతం అని నా పేరు పడుతుంది. వెళ్ళి చెబితే ఒక భయం, చెప్పకపోతే ఇంకో భయం, ముందు నుయ్యి వెనక గొయ్యి. శనివారం తెల్లవారాక, ఆయనకి నేను చెప్పి తెలియడమే కాస్త నయమనిపించింది.

మాస్టారి స్టూడియో ఎప్పుడో పోయింది. ఆ బంగళా స్థలంలో ఇప్పుడు రెస్టారెంటు ఉంది. ఆయన ఫిల్మ్‌నగర్‌లో గుట్ట మీద ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. చేతిలో సినిమాలు లేవు. ఆ ఎత్తు ఎక్కుతుంటే మధ్యలో రెండుసార్లు వెనక్కి తిరిగాను. వెళ్ళిపోదామనే తిరిగాను. తలుపు ఆయనే తీశారు, లుంగీ మీద, చేతిలో పేపరుతో.

"ఏంటమ్మా, షో రేపు కదా? నేనే తారీఖు తప్పు చదివానా?"

"లేదు మాస్టారూ. రేపే. మీకొకటి వినిపించాలి."

ఇంకేం మాట్లాడినా ఏడుస్తానని తెలిసి, కూర్చోగానే ఫోను తీసి పాట పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. నేను ఆయన ముఖం చూడలేక చెయ్యి చూస్తూ కూర్చున్నాను. కుర్చీ చేతి మీద వేలితో తాళం వేస్తున్నారు. ఆ వేలు నా పాట వేగంతో పడటం లేదు. దానికి రెండింతల వేగంతో పడుతోంది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

పాట అయ్యాక కళ్ళు తెరిచారు. "మెల్లగా చేశావన్నమాట. బాగుందమ్మా. నాకు తట్టలేదు సుమా ఇలా చెయ్యొచ్చని."

"ఇది మీదే కదా మాస్టారూ?"

"పల్లవి నాది. చరణం మాత్రం నీదే, నాకంటే బాగా కట్టావు. కమెడియన్‌కి చేశాను దీన్ని. వాడు చీరలు ఆరేసుకుంటున్న పిల్ల వెనకాల పడతాడు, ఆ పిల్ల వాణ్ణి ఆటపట్టిస్తుంది. డైరెక్టర్ కిక్కు లేదన్నాడు. పక్కన పడేశాం."

కమెడియన్‌కి. మా నాన్న ఊపిరి తీసుకోలేక లోపల పడుకుని ఉంటే, మెట్ల మీద నాకొచ్చిన పాట అది. మా అమ్మ ఏడ్చిన పాట. సిగ్గో భయమో తెలియకుండా వెక్కి వెక్కి ఏడ్చాను.

"నాకు గుర్తులేదు మాస్టారూ. మా నాన్న మీద ఒట్టు. నాదే అనుకున్నాను. దొంగతనం చేద్దామని కాదు."

"ఛ, అవేం మాటలు! నాకు తెలియదా? మర్చిపోమని వెంటపడింది నేనే కదా. చెప్పిన మాట విన్నందుకు నిన్నెలా తిడతాను?" అని ఆయన నవ్వారు. లోపలికి కేకేసి వాళ్ళావిడ చేత కాఫీ తెప్పించారు. ఆవిడ గ్లాసు చేతికిచ్చి వెళ్ళారు.

ప్రాణం లేచొచ్చింది. అంత భయపడ్డది ఇంతేనా అనిపించింది. ముక్కు తుడుచుకుని, "రేపు టైటిల్స్‌లో మీ పేరు వేస్తాను మాస్టారూ. ముందు మీది, తర్వాత నాది," అన్నాను.

"వెయ్యి. వద్దని దొంగ మాటలు చెప్పను. నా పేరు తెర మీద చూసుకుని చాలా రోజులైంది." ఆయన కాఫీ ఊదుకుంటూ తాగారు. గ్లాసు కింద పెట్టి, ఏదో చిన్న సంగతి గుర్తొచ్చినట్టు, "కానీ తల్లీ, దీనికొక్కదానికే వేస్తావా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "అంటే?"

"నీ పాటలన్నీ వింటాను నేను. మా మనవరాలు పెడుతుంది. వింటూ వింటూ మా ఆవిణ్ణి పిలిచి చెబుతుంటాను, ఇదిగో, మన పిల్ల ఇంకొకతె వేరేవాళ్ళ గౌను తొడుక్కుని వచ్చిందే అని. ఆవిడ గుర్తుపట్టలేదు, నేను పడతాను. కన్నవాణ్ణి కదా." ఆయన గొంతులో వెటకారం లేదు, కోపం లేదు. అసలు ముద్దుగా చెబుతున్నారు. "నాకేం బాధ లేదమ్మా. నా దగ్గరుంటే ఆ హార్డ్ డిస్కుల్లో పడి చచ్చేవి. నీ దగ్గర బతికాయి. నీకూ తెలుసేమో, తెలిసే ఊరుకున్నావేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇవాళ నీ ఏడుపు చూస్తే తెలియదని అర్థమైంది."

ఆయన కుడిచెయ్యి ముందుకి చాపారు. లెక్క చెప్పేవాళ్ళు పెట్టినట్టు బొటనవేలు చిటికెనవేలి కింది గీత మీద పెట్టారు.

"ఏవేవో చెప్పనా?"

నావి పాతిక పాటలు. వాటిలో ఒకటి మా చెల్లి పెళ్ళికి కట్టాను. ఒకటి నాతో మాట్లాడటం మానేసిన మనిషి కోసం కట్టాను. కాలేజీ పిల్లలు స్టేజీ మీద పాడేవి రెండు. అన్నీ నావే, నా లోపల్నించి వచ్చినవే. ఈ పాట కూడా నా లోపల్నించే వచ్చింది. ఆ బొటనవేలు ఎన్ని గీతలు దాటుతుందో తెలియదు. రెండే దాటి ఆగిపోవచ్చు. పక్క వేలి మీదకి కూడా వెళ్ళొచ్చు.

"వద్దు మాస్టారూ," అన్నాను.

"సరే," అన్నారాయన, చెయ్యి వెనక్కి తీసుకుని. కాఫీ సగం తాగి లేచాను.

ఆ మధ్యాహ్నమే నా స్నేహితురాలు టైటిల్ కార్డు మార్చింది. ఆదివారం మాస్టారు పట్టు జుబ్బా వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. తెర మీద ఆయన పేరు పడగానే చప్పట్లు కొట్టారు. షో అయ్యాక అందరూ నా చుట్టూ చేరి, ఈ రోజుల్లో గురువుని ఇంతలా తలుచుకునేవాళ్ళు ఎవరున్నారమ్మా అని మెచ్చుకున్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. దాన్ని వినయం అనుకున్నారు.

"సార్ పేరు ఎందుకేసినవే?" అని అమ్మ ఆటోలో అడిగింది.

"నేర్పిండు గదమ్మా."

"మంచి పని చేసినవ్ తియ్," అంది అమ్మ.

ఆ తర్వాత నేను ఒక్క ట్యూన్ కూడా కట్టలేదు. ఏదైనా వస్తుంటే గొంతు నొక్కేస్తున్నాను. నా పాత పాటలు తీసి ఒక్కోదాన్ని రెండింతల వేగంతో, సగం వేగంతో పెట్టుకుని, గొంతు కలిపి, నా నోరు ఏం చేస్తుందా అని అద్దంలో చూసుకుంటున్నాను. ఒక్కోసారి ఏమీ చేయదు. ఒక్కోసారి చేసినట్టే ఉంటుంది, అది నా భ్రమో కాదో తేలదు. స్టేజీ ఎక్కితే జనం ఆ రెండు పాటలే అడుగుతారు. పాడతాను. ప్రతి లైనూ దొంగసొత్తు పట్టుకున్నట్టు వణుకుతూ పాడతాను. వాళ్ళకి నచ్చుతోంది, ఈ మధ్య గొంతులో బాధ బాగా పలుకుతోందంటున్నారు. మా ఇంటి నుంచి మాస్టారి ఇంటికి పది నిమిషాలు. అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. వెళ్ళడం లేదు.

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే మాస్టారి భార్య ఫోన్ చేశారు. ఆయనకి గుండెల్లో నొప్పి వచ్చిందని, ఆసుపత్రిలో చేర్చామని, ఏమీ చెప్పలేమంటున్నారని ఏడ్చారు. నేను వంటింట్లో నిలబడి ఉన్నాను. ఆవిడ మాట పూర్తయ్యేలోపు నా లోపల ఒక బరువు దిగిపోయింది. ఇక చెప్పేవాళ్ళెవరూ ఉండరు అనిపించింది. అయ్యో అనిపించడానికి ముందే అది అనిపించింది. ఒక్క క్షణమే. ఆ తర్వాత పొయ్యి పక్కన గచ్చు మీద కూలబడ్డాను. అమ్మ పరుగెత్తుకొచ్చి, సార్ అంటే దీనికెంత పాణమో అని నా వీపు నిమిరింది.

నాలుగు రోజులకి ఆయన కోలుకుని ఇంటికొచ్చారు. బత్తాయిలు తీసుకుని వెళ్ళాను. బాగా చిక్కిపోయారు, కూర్చోలేక దిండుకి జారగిలబడి ఉన్నారు. నన్ను చూసి చెయ్యి చాపారు. లెక్క చెప్పడానికేమోనని ఒక అడుగు వెనక్కి వేశాను. కాదు, నా చెయ్యి పట్టుకోవడానికి.

"భయపడ్డావా తల్లీ?" అన్నారు.

భయపడ్డానని చెప్పాను. దేనికని ఆయన అడగలేదు.